పాత ఇంజనుతో పందెం కారు

సూరత్ నగరంలో వజ్రాల వ్యాపారి రాయిని తూచే తీరు చూడవలసిందే. ఒక కేరట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరో వంతును అక్కడివారు సెంటు అంటారు. అంటే 2 మిల్లీగ్రాములు. కంటికి ఆనని ఆ సెంటు తేడాతోనే రాయి వెల మారిపోతుంది. అదే ఊళ్ళో ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల మధ్య నడిస్తే మరో విద్య కనిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వలస వచ్చి స్థిరపడిన నేత కార్మికులు అక్కడ ఎందరో ఉన్నారు. ఆరితేరినవాడు మగ్గం చప్పుడు వినే ఎక్కడో ఏదో వదులైందని పసిగడతాడు.

ఈ రెండు విద్యలూ కావలసిన పని ఒకటుంది. వాడిన ఇంజనును కొని, పూర్తిగా విప్పి, బాగుచేసి, సొంతంగా కట్టుకున్న పందెం కారులో అమర్చడం. చెవి మనకు అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది. తీర్పు చెప్పవలసింది కొలత. ఆ తీర్పు తప్పయితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. వేగంగా పరుగెత్తే కారులో, ఇంజనుకు జానెడు దూరంలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. అందుకే ఈ పనిలో మొదటి ప్రశ్న "ఎంత శక్తి వస్తుంది?" అన్నది కాదు, "ఈ లోహం ఇంకెంత తట్టుకుంటుంది?" అన్నది.

మిల్లుల ఊరి నుంచి వచ్చిన కారు

సూరత్‌లాగే కోయంబత్తూరు కూడా బట్టల ఊరే. తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలు అక్కడ మిల్లులు, యంత్రాల కర్మాగారాలు నెలకొల్పాయి. అలాంటి మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ స్వయంగా పందెం కార్లు నడిపేవారు, స్వయంగా తయారు చేసేవారు. విదేశీ పందెం కారు కొనే స్తోమత మన దేశంలో ఏ కొద్దిమందికో తప్ప లేని రోజులవి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డుమీదికి వచ్చింది. దాని చిన్న ఇంజనును తీసుకుని, ఒక్కరే కూర్చునే తేలికపాటి కారులో, డ్రైవరు వీపు వెనుక అమర్చారాయన. ఫార్ములా మారుతిగా పేరుపడిన ఆ కార్లు మన దేశంలో పందేలను సామాన్యులకు కొంత దగ్గర చేశాయి. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తన తొలి పందెం నడిపింది ఫార్ములా మారుతిలోనే, మద్రాసు దగ్గరి శ్రీపెరుంబుదూరులో. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోని కారి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరిట వెలిసినదే.

ఇప్పుడు ఆ పందెపు బాటమీద ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసిన కార్లకు ఫార్ములా భారత్ పోటీలు జరుగుతున్నాయి. ఇలాంటి కార్లు కట్టే విద్యార్థి బృందాలు దేశమంతటా ఉన్నాయి. 1961లో సూరత్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన సర్దార్ వల్లభాయ్ జాతీయ సాంకేతిక సంస్థ కూడా వాటికి నెలవే. పెట్రోలు కార్ల విభాగంలో ఇంజను 710 ఘనపు సెంటీమీటర్లకు మించకూడదు. లోపలికి పోయే గాలి మొత్తం 20 మి.మీ. వ్యాసం గల సన్నని దారి గుండానే పోవాలి. అందువల్ల విద్యార్థులు ఎక్కువగా మోటారుసైకిలు ఇంజన్లను ఎంచుకుంటారు. కొత్తది కొనలేనివారు వాడినదాన్ని తెచ్చుకుంటారు. కనుక మనం రెండు ఉదాహరణలు దగ్గర పెట్టుకుందాం: ఒకటి పాత మారుతి 800 ఇంజను, రెండోది 373 ఘనపు సెంటీమీటర్ల ఒంటి సిలిండరు మోటారుసైకిలు ఇంజను.

రోడ్డుకూ పందేనికీ తేడా

మారుతి 800లో మూడు సిలిండర్లు. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం 68.5 మి.మీ., పిస్టను కిందికీ పైకీ నడిచే దూరం 72 మి.మీ. ఈ మూడూ కలిపి 796 ఘనపు సెంటీమీటర్లు. రోడ్డుమీద ఈ ఇంజను ఎక్కువ కాలం నిమిషానికి రెండు మూడు వేల చుట్లతో తిరుగుతుంది. పందెంలో మాత్రం ఆరు వేల చుట్ల దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళవలసిందే.

ఇక్కడో చిన్న లెక్క. నిమిషానికి 6,000 చుట్లు అంటే సెకనుకు 100 చుట్లు. ప్రతి చుట్టులోనూ పిస్టను పైన ఒకసారి, కింద ఒకసారి పూర్తిగా ఆగి దిశ మార్చుకోవాలి. పైన ఆగి తిరిగే క్షణంలో దానిపై కలిగే త్వరణం భూమి గురుత్వ త్వరణానికి 1,500 రెట్లకు పైనే ఉంటుంది. పిస్టను, దాని పిన్ను కలిసి 300 గ్రాములే అనుకున్నా, దాన్ని వెనక్కి లాగే కనెక్టింగ్ రాడ్డుపై 450 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు పడుతుంది. అదీ సెకనుకు వందసార్లు.

ఈ లాగుడు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 6,000 నుంచి 7,000 చుట్లకు పెంచితే వేగం పెరిగింది 17 శాతమే, లాగుడు పెరిగింది 36 శాతం. "మరో వెయ్యి చుట్లు పెంచితే ఏమవుతుంది?" అని అడిగే కుర్రవాడికి ఇదే సమాధానం. మోటారుసైకిలు ఇంజనులో పిస్టను నడక 60 మి.మీ. మాత్రమే. అందువల్ల అది 9,500 చుట్లు తిరగగలదు. కానీ అప్పుడు దాని పిస్టనుపై త్వరణం గురుత్వ త్వరణానికి 3,000 రెట్లు దాటుతుంది. ఆ వేగం దాని రూపకల్పనలోనే ఉంది. మారుతి ఇంజను రూపకల్పనలో అది లేదు.

కొనేముందు

పాత ఇంజను కొనేచోట మొదట చూడవలసింది కాగితాలు. ఇంజను నంబరు చెరపకుండా ఉందా, బిల్లు ఇస్తారా అన్నది తేల్చుకోండి. ప్రమాదంలో దెబ్బతిన్న బండి ఇంజను చవకగా దొరుకుతుంది కాని, దెబ్బ ఎటువైపు తగిలిందో అడిగి, ఆవైపు కేసింగును దీపం పెట్టి చూడండి. ఆయిలు మూత విప్పి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు జిగురు కనిపించిందా? ఆయిల్లో నీరు చేరిందన్నమాట. గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, హెడ్డు పగిలి ఉండవచ్చు.

తిరిగే ఇంజనయితే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజను వేడెక్కిన తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఒక్కొక్క సిలిండరుకు గేజి పెట్టి స్టార్టరు తిప్పుతారు. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఒక సిలిండరులో తక్కువ వస్తే, అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల్లోనో సిలిండరు గోడలోనో ఉంది. ఆయిలు ఆ సందును తాత్కాలికంగా మూసింది కనుక అంకె పెరిగింది. పెరగకపోతే లోపం సాధారణంగా వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంటుంది. ఒక జాగ్రత్త: సులువుగా స్టార్టు కావడానికి ఒక వాల్వును కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు కొన్ని మోటారుసైకిలు ఇంజన్లలో ఉంటుంది. వాటిలో ఈ అంకె తక్కువగా వచ్చి తప్పుదారి పట్టిస్తుంది.

విప్పడం, కడగడం

విప్పడం చేతకానివారు ఉండరు. విప్పినది గుర్తుపెట్టుకోవడమే కష్టం. ప్రతి భాగం ఏ సిలిండరుది, ఎటు తిరిగి ఉంది అన్నది రాసి, విడి డబ్బాల్లో పెట్టాలి. కనెక్టింగ్ రాడ్డుకు దాని మూత జతగా యంత్రంమీద కోసినది. ఒకదాని మూత మరోదానికి పెడితే గుండ్రటి రంధ్రం గుండ్రంగా ఉండదు.

కడగడానికి కిరోసిన్ గాని, ఈ పనికై అమ్మే ద్రావకం గాని వాడండి. పెట్రోలు వాడకండి. దాని ఆవిరి నేలబారుగా పాకి, ఎక్కడో ఉన్న నిప్పురవ్వను వెతుక్కుంటుంది. కాస్టిక్ సోడా నీళ్ళలో అల్యూమినియం హెడ్డును ఎప్పుడూ ముంచకూడదు. సోడా అల్యూమినియాన్ని తినేస్తూ, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. పాత ఆయిలు మురుగుకాల్వలో పోస్తే అది చివరికి చేరేది తాపీ నదికే. దాన్ని డబ్బాలో పట్టి, పాత ఆయిలును శుద్ధి చేయడానికి అనుమతి ఉన్నవారికి ఇవ్వాలి.

కడిగిన తర్వాత పగుళ్ళు వెతకాలి. దీనికి పాతకాలపు చక్కని పద్ధతి ఒకటుంది. భాగాన్ని కిరోసిన్‌లో కొంతసేపు నాననిచ్చి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రాస్తారు. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ నెమ్మదిగా పైకి ఊరి, తెల్లటి సుద్దమీద తడి గీత తేలుతుంది. ఇదే సూత్రంపై పనిచేసే రంగు ద్రావకాలు ఇప్పుడు బజారులో దొరుకుతాయి. పందెం ఇంజనుకు రాడ్డులు, క్రాంకు షాఫ్టు ఈ పరీక్ష దాటనిదే లోపలికి పోకూడదు.

నూరో వంతు మిల్లీమీటరు

ఇప్పుడు అసలు పని, కొలత. మన తలవెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. సిలిండరుకూ పిస్టనుకూ మధ్య ఉండవలసిన ఖాళీ చాలా ఇంజన్లలో అంతకన్నా తక్కువ. దాన్ని స్కేలుతోనో వేలితోనో తెలుసుకోలేం. 0.01 మి.మీ. దాకా చదివే మైక్రోమీటరు, బోర్ గేజి కావాలి.

సిలిండరును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలుస్తారు. ప్రతి చోటా క్రాంకు షాఫ్టు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. మొత్తం ఆరు అంకెలు. పై భాగంలో అరుగుదల ఎక్కువగా ఉండటం సహజం. పిస్టను పైన ఆగే చోట ఆయిలు పొర పలచబడుతుంది, మంట ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ. అడ్డంగా కొలిచినప్పుడు ఎక్కువ రావడమూ సహజమే. రాడ్డు ఏటవాలుగా నిలిచి పిస్టనును ఆ గోడలకే అదుముతుంది. కనుక అరిగిన సిలిండరు గుండ్రంగానూ ఉండదు, తిన్నగానూ ఉండదు. దానిలో కొత్త రింగులు వేస్తే ఆరిపోయే దీపంలో నూనె పోసినట్లు కొన్నాళ్ళు బాగుంటుంది, అంతే.

కొలిచేటప్పుడు వేడిని మరవకండి. 68.5 మి.మీ. అల్యూమినియం పిస్టను 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.016 మి.మీ. పెరుగుతుంది. పోత ఇనుప సిలిండరు పెరిగేది అందులో సగమే. ఎండలో పెట్టిన పిస్టనును, నీడలో ఉన్న సిలిండరును కొలిచి తీసివేత చేస్తే వచ్చే అంకె అబద్ధం చెబుతుంది. భాగాలు, పరికరాలు అన్నీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి, తెల్లవారాక కొలవడం మంచి అలవాటు.

మారుతి వంటి ఇంజనులో అరిగిన సిలిండరును బోరు చేయించి, 0.25 లేదా 0.50 మి.మీ. పెద్ద పిస్టన్లు వేయవచ్చు. "బోరు చేయిస్తే పవరు పెరుగుతుంది" అని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. వ్యాసం 68.5 నుంచి 69 మి.మీ. అయితే ఇంజను పరిమాణం 796 నుంచి 808 ఘనపు సెంటీమీటర్లకు చేరుతుంది. పెరిగింది ఒకటిన్నర శాతం. దీన్ని వైద్యం అనాలి గాని బలవర్ధకం అనకూడదు. ముందుగా పిస్టన్లు కొని, వాటిని కొలిచి, ఆ తర్వాతే బోరింగ్ షాపుకు వెళ్ళాలి. బోరు అయ్యాక హోనింగ్ చేసి గోడపై ఏటవాలు గీతలు, ఒకదాన్నొకటి కోసుకునేలా పెడతారు. నున్నగా అద్దంలా ఉంటేనే మంచిదనుకోవడం పొరపాటు. ఆ సన్నని గీతల్లో ఆయిలు నిలుస్తుంది, కొత్త రింగులు వాటికి రాసుకుని గోడకు ఒదుగుతాయి.

మోటారుసైకిలు ఇంజనుకు ఈ వైద్యం పనికిరాదు. ఆధునిక ఇంజన్లలో చాలావాటికి సిలిండరు అల్యూమినియంది, లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్‌లతో చేసిన గట్టి పూత ఉంటుంది. ఆ పూత చాలా పలచన. దాన్ని మామూలు బోరింగ్ యంత్రానికి ఎక్కిస్తే పూత పోయి మెత్తని అల్యూమినియం బయటపడుతుంది. పూత లేచిపోయి ఉంటే సిలిండరునే మార్చాలి.

క్రాంకు షాఫ్టు దగ్గర కథ ఇంకా సున్నితం. తిరిగే షాఫ్టు షెల్ బేరింగును తాకదు. అది ఆయిలును తనతో లాక్కుపోయి, ఇరుకైన సందులోకి ఆప్పులా దూర్చి, ఆ పొరమీద తేలుతుంది. ఒత్తిడి ఎక్కువైన చోట ఆ పొర మందం వెంట్రుకలో చిన్న భాగమే. మిగిలిపోయిన ఇసుక రేణువు ఒక్కటి చాలు దాన్ని చీల్చడానికి. అందుకే షాఫ్టులోని ఆయిలు దారులను బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, తెల్లగుడ్డ దూర్చి చూస్తారు. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా ఆ పని అయినట్లు కాదు. ఖాళీలు ఎంతెంత ఉండాలన్నదానికి ఆ ఇంజను తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. "మా షాపులో అందరికీ ఇంతే పెడతాం" అన్న మాటను ప్రమాణంగా తీసుకోకండి.

హెడ్డు, వాల్వులు

వజ్రానికి సానపట్టే పనివాడికి వాల్వు గ్రైండింగ్ కొత్తగా అనిపించదు. వాల్వుకూ దాని పీటకూ మధ్య గరుకు పేస్టు రాసి, అటూ ఇటూ తిప్పుతూ రెండింటినీ ఒకదానికొకటి ఒదిగేలా చేస్తారు. బూడిదరంగు పట్టీ చుట్టూ తెగకుండా కనిపించాలి. ఆ పట్టీ గాలి తప్పించుకోకుండా మూయడానికే కాదు. మంటలో కాలే ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ పట్టీ ద్వారానే హెడ్డుకు అప్పగిస్తుంది. పట్టీ తెగిన చోట వాల్వు కాలిపోతుంది.

హెడ్డు వంకర పోయిందేమో తిన్నని ఉక్కు బద్ద పెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి చూస్తారు. వంకర ఉంటే ఫేసింగ్ చేయిస్తారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఒక్కో సిలిండరు 265 ఘనపు సెంటీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 8.7 అనుకుందాం. అప్పుడు పిస్టను పైన మిగిలే ఖాళీ సుమారు 34.5 ఘనపు సెంటీమీటర్లు. మంట గది వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లయితే, అర మిల్లీమీటరు కోసినప్పుడు ఖాళీ ఒకటిన్నర ఘనపు సెంటీమీటర్లు తగ్గి, నిష్పత్తి 9కి చేరుతుంది. కొద్దిగా శక్తి పెరిగే మాట నిజమే. కాని అతిగా కోస్తే, స్పార్కు పడ్డాక మంట ఇంకా చేరని చోట మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలుతుంది. దాన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. ఆ దెబ్బలకు పిస్టను అంచులు విరుగుతాయి. రోడ్డుమీద అయితే ఆ టకటక వినబడి కాలు తీస్తాం. తలకు హెల్మెట్, వెనుక సైలెన్సరు హోరు ఉన్న పందెం కారులో అది వినబడదు.

బోల్టు కూడా ఒక స్ప్రింగే

రాడ్డు బోల్టును బిగించినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగులా రెండు భాగాలనూ అదిమి పట్టుకుంటుంది. ఆ పట్టు పిస్టను లాగుడు కంటే ఎక్కువగా ఉన్నంతకాలం బోల్టుకు ఆ లాగుడు దాదాపు తెలియదు. పట్టు తక్కువైతే ప్రతి చుట్టుకూ బోల్టు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్లు, సెకనుకు వందసార్లు అలసిన బోల్టు ఒకనాడు తెగుతుంది. తెగిన రాడ్డు ఇంజను గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. వేడి ఆయిలు వెనుక చక్రాల కిందా, కాలుతున్న పైపుల మీదా పడుతుంది. డ్రైవరు వీపు వెనుకే ఇంజను ఉన్న కారులో దీని అర్థం వివరించనక్కరలేదు.

అందుకే టార్క్ రెంచి. అయితే రెంచిమీద మనం పెట్టే బలంలో వంద పాళ్ళకు సుమారు తొంభై పాళ్ళు రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పది పాళ్ళే. మర తుప్పుపట్టి ఉంటే రెంచి సరైన అంకె చూపినా బోల్టు వదులుగానే ఉంటుంది. పొడిగా బిగించమన్న చోట ఆయిలు రాస్తే, అదే అంకెకు బోల్టు అతిగా సాగుతుంది. పుస్తకం ఎలా చెబితే అలాగే. ఒక్కసారే వాడమన్న బోల్టులను పారేసి కొత్తవి వేయండి. హెడ్డు బోల్టులను నడుమ నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాలి.

మలుపులో ఆయిలు ఎటు పోతుంది?

ఇంతా చేసి అమర్చిన ఇంజను తొలి పందెంలోనే బేరింగులు కాలి ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు తప్పు చాలావరకు ఇంజనుది కాదు, మలుపుది.

బకెట్లో నీళ్ళు పట్టుకుని గిర్రున తిరిగితే నీటి మట్టం ఒకవైపు లేస్తుంది. ఇంజను అడుగున ఆయిల్ పాన్‌లో జరిగేదీ అదే. 25 మీటర్ల వ్యాసార్థం గల మలుపును గంటకు 30 కి.మీ. వేగంతో తిరిగితే ఆయిలు మట్టం 16 డిగ్రీలు వాలుతుంది. దానికేమీ కాదు. అదే మలుపును 60 కి.మీ. వేగంతో తిరిగితే వాలు 48 డిగ్రీలు దాటుతుంది. ఆయిలంతా ఒక గోడకు ఎక్కుతుంది. నడుమన ఉన్న పంపు నోటికి అందేది గాలే. అర సెకను గాలి పీల్చిందంటే, 6,000 చుట్ల వేగంలో షాఫ్టు ఆ లోపల 50 సార్లు ఆయిలు లేకుండా తిరుగుతుంది.

మోటారుసైకిలు ఇంజనుకు ఈ బాధ మరీ ఎక్కువ. ఎందుకో ఆలోచించారా? మోటారుసైకిలు మలుపులో పక్కకు ఒరుగుతుంది. ఎంత వేగంగా తిరిగితే అంతగా ఒరుగుతుంది. అందువల్ల ఇంజనుకు సంబంధించినంతవరకు ఆయిలు ఎప్పుడూ పాన్ అడుగుకే అదమబడి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఆ ఇంజను పక్కవాటు అంటే ఏమిటో ఎరుగదు. దాన్ని ఒరగని నాలుగు చక్రాల కారులో పెట్టిన రోజున తొలిసారి ఎరుగుతుంది. అందుకే పాన్‌లో అడ్డుతెరలు, ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులు అమరుస్తారు. ఆయిలు పంపు వైపు రాగలదు గాని సులభంగా వెనక్కి పోలేదు. దానితోపాటు డ్రైవరుకు కనబడేలా ఆయిలు ఒత్తిడి తగ్గగానే వెలిగే పెద్ద ఎర్ర దీపం తప్పనిసరి. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు కొత్త షాఫ్టు ఖర్చు ముందు ఏపాటిది?

మొదటి గంట

బిగింపు పూర్తయ్యాక వెంటనే స్టార్టు చేయకండి. ప్లగ్గులు తీసి, పెట్రోలు రాకుండా ఆపి, స్టార్టరును విరామాలిస్తూ తిప్పండి. ఆయిలు ఒత్తిడి గేజి లేచాకే ప్లగ్గులు పెట్టండి. నీళ్ళ దారిలో గాలి బుడగలు మిగలకుండా చూడండి. ఇంజను ఒకచోట, రేడియేటరు మరోచోట ఉన్న కార్లలో పొడవాటి పైపు వంపుల్లో గాలి నిలిచి, గేజి మామూలుగా చూపుతుండగానే హెడ్డు మాడిపోతుంది. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి.

కొత్త రింగులు గోడకు ఒదగాలంటే ఇంజనును నిలబెట్టి ఊరికే తిప్పడం చాలదు. ఓ మోస్తరు బరువు మీద, వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఆ తర్వాత ఆయిలు మార్చి, ఫిల్టరును కోసి, మడతలు విప్పి తెల్లకాగితం మీద పరచండి. కాసింత బూడిదరంగు పొడి సహజం. మెరిసే రేకుల ముక్కలు కనిపిస్తే బేరింగు తన గోడు చెప్పుకుంటోందన్నమాట. పందెం తేదీ రేపే అయినా మళ్ళీ విప్పాలి.

ఒక మాట చట్టం గురించి. సొంతంగా కట్టిన పందెం కారు ఊరి రోడ్లకు కాదు. అనుమతి లేని మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. దాని చోటు పందెపు బాట, దాని డ్రైవరు చోటు బెల్టు, హెల్మెట్ల మధ్య.

ఎప్పుడు వద్దనాలి?

ఇంజను బాగుచేయడంలో అన్నిటికంటే కష్టమైన పని ఒకటి మిగిలింది. డబ్బు పెట్టారు, నెలలు గడిపారు, పోటీ దగ్గరపడింది. అప్పుడు షాఫ్టు మీద సుద్దపొడిలో సన్నని తడి గీత కనిపించింది. లేదా ఆరు అంకెల్లో ఒకటి హద్దు దాటి 0.02 మి.మీ. ఎక్కువ వచ్చింది. "ఇంతేగా" అనిపిస్తుంది. చెవికి ఏమీ వినబడదు, చేతికి ఏమీ తగలదు. చుట్టూ ఉన్నవారంతా "పరవాలేదు, నడిచిపోతుంది" అంటారు.

సూరత్ వజ్రాల బజారులో సెంటు తక్కువ తూగిన రాయిని చూసి ఎవరూ "ఇంతేగా" అనరు. తక్కువ తూగిన రాయితో పోయేది కాస్త డబ్బు మాత్రమే. అయినా అక్కడ తూకం మాటే చెల్లుతుంది. ఒక మనిషి వీపు వెనుక సెకనుకు వందసార్లు ఎగిరిపడే లోహం విషయంలో మనం అంతకంటే ఉదారంగా ఉండవలసిన పనేముంది? ఆ భాగాన్ని పక్కన పెట్టి, ఈ ఏడు పందెం వదులుకోవలసివస్తే వదులుకోండి. మీ కొలతల పుస్తకంలో ఆ అంకె కింద గీత గీసి, తేదీ వేయండి. వచ్చే ఏడు ఇంజను విప్పే కుర్రవాడు మొదట చదవవలసింది ఆ పేజీనే.